రంగు బియ్యానికి జింకు

మా తెలుగు తరగతిలో పదకొండు మంది పిల్లలున్నారు. వారిలో ఎక్కువ మంది తండ్రులు టికియాపారా కార్‌షెడ్‌లోనో, యార్డులోనో పనిచేస్తారు. హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు బయలుదేరిన లోకల్ బండి మొదట ఆగేది ఇక్కడే. తాతల కాలంలో బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవారి పిల్లలు కొందరు, నిన్న మొన్న బదిలీ మీద వచ్చినవారి పిల్లలు కొందరు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ. బియ్యం పేర్లు మాత్రం మూడు భాషల్లోనూ వస్తాయి.

జులైలో ఒకరోజు బడి వదిలాక ఎనిమిదో తరగతి పిల్లవాడి తండ్రి వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. "మాస్టారూ, మావోడు ఈడుకి తగ్గ ఎత్తు లేడు. నల్ల బియ్యంలో జింకు ఉంటాదట, తింటే ఎదుగుతారట. కిలో ధర సూస్తే గుండె గుభేల్‌మంది. అయినా కొనమంటారా? మా తమ్ముడు నరసన్నపేట దగ్గర అరెకరంలో అదే ఏద్దామనుకుంటన్నాడు, ఆడికేటి సెప్పమంటారు?" అని అడిగారు. ఒకే ఊపిరిలో రెండు ప్రశ్నలు: ఒకటి వంటింటిది, ఒకటి పొలానిది. మేము భాష చెప్పేవాళ్ళం, వ్యవసాయం చదివినవాళ్ళం కాదు. కానీ అడిగింది మా పిల్లవాడి తండ్రి. "వారం రోజులు ఆగండి" అన్నాం. ఆ వారం రెండు నెలలైంది. ఈ వ్యాసం ఆ రెండు నెలల్లో మేమూ మా పిల్లలూ కలిసి నేర్చుకున్న పాఠం.

మా స్టాఫ్ రూములో మణిపూర్ నుంచి వచ్చిన సహోద్యోగిని ఒకరున్నారు. సెలవులకు వెళ్ళి వచ్చేటప్పుడు ఆవిడ చాక్‌హావ్ తెస్తారు. మణిపూర్ వారి నల్ల బియ్యం అది, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. వాళ్ళ భాషలో ఆ పేరుకు రుచిగల బియ్యం అని అర్థమట. గుప్పెడు అడిగి తీసుకుని తరగతికి పట్టుకెళ్ళాం. ఒక పిల్ల కొన్ని గింజలు కాగితంలో పొట్లం కట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. మర్నాడు వాళ్ళ నాయనమ్మ తీర్పు మోసుకొచ్చింది: "ఇదేటమ్మా, సీరకేసిన రంగులాగ దిగిపోతంది! ఎవులో రంగేసి అమ్మేస్తన్నారు."

నాయనమ్మ అనుమానం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. కల్తీ చూసి చూసి వచ్చిన అనుమానం అది. అందుకని దాన్నే పరీక్ష పెట్టాం. రెండు చెంచాల నల్ల బియ్యం అర గ్లాసు నీళ్ళలో అరగంట నానబెట్టి, ఆ నీళ్ళను మూడు గ్లాసుల్లో పోశాం. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే ఊదా నీళ్ళు ఎర్రబడ్డాయి. రెండోదాంట్లో చిటికెడు వంటసోడా వేస్తే నీలంగా మారి, కాసేపటికి ఆకుపచ్చ వైపు తిరిగాయి. మూడోది అలాగే ఉంది. ఏడో తరగతి సైన్సులో మందార పువ్వుతో చేసిన పరీక్ష గుర్తుండే ఉంటుంది, ఇదీ అదే. మందారంలో ఉన్నదీ, నేరేడు పండులో ఉన్నదీ, నల్ల బియ్యం పై పొరలో ఉన్నదీ ఆంథోసయనిన్ అనే ఒకే కుటుంబపు రంగులు. పులుపు తగిలితే ఎరుపు, క్షారం తగిలితే నీలం. పూసిన రంగులు సాధారణంగా ఇలా వేషాలు మార్చవు. నాయనమ్మకు మూడు గ్లాసుల ఫోటో పంపించాం. "అయితే నేరేడుపండు కడిగిన నీలే కావాల" అని ఒప్పుకున్నారట.

ఎర్ర బియ్యం మాత్రం ఇంతగా రంగు దిగదు. దాని ఎరుపు వేరే జాతి పదార్థం నుంచి వస్తుంది. లేత జామకాయ కొరికితే నాలుక మీద వగరు తగులుతుంది చూడండి, ఆ వగరును ఇచ్చే వాటికి చుట్టం. రెండు రంగులూ దేహానికి మేలు చేసేవే అంటారు. కానీ రంగు వేరు, జింకు వేరు. అసలు పాఠం ఇక్కడే ఉంది.

వడ్ల గింజకు పైన ఊక, దాని కింద పలచని పొర, ఆ లోపల తెల్లని పిండి. ఊక తీస్తే ముడి బియ్యం. ఆ పొరను కూడా చెక్కేస్తే తెల్ల బియ్యం, చెక్కగా రాలినది తవుడు. నల్ల బియ్యం నలుపూ, ఎర్ర బియ్యం ఎరుపూ ఆ పొరలోనే ఉంటాయి. కనుక బాగా పాలిష్ పట్టించిన రంగు బియ్యమంటూ ఉండదు, అది తెల్ల బియ్యమే. పేర్లు చూసి మోసపోవడం కూడా ఇక్కడే జరుగుతుంది. హౌరా బజారులో లాల్ స్వర్ణ అని అమ్ముతారు. లాల్ అంటే ఎరుపు కదా అని ఒక పిల్లవాడు దాన్ని ఎర్ర బియ్యం జాబితాలో రాశాడు. ఎర్రగా ఉండేది దాని ఊక, బియ్యం తెల్లనిదే. ఇంతకీ అది మన స్వర్ణే. పశ్చిమ గోదావరి మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 7029, విడుదలైనది 1982లో. బెంగాల్ పొలాల్లో దశాబ్దాలుగా ఏలుతున్నది మన ఊరి వడ్లే అని చెప్పినప్పుడు మా పిల్లల ముఖాలు చూడాలి! ఉత్తర బెంగాల్ వారి కాలోనునియా కూడా అంతే. పేరులో నలుపుంది, ఊక నల్లనిది, లోపల సువాసన గల తెల్ల బియ్యం.

ఇక్కడ తెలుగు మాస్టారికి ఒక చిన్న విరామం ఇవ్వండి. మన భాషలో వర్ణం అంటే రంగు, వర్ణం అంటే అక్షరం కూడా. అడవి వరి గింజ ఎర్రనిది. మనిషి సాగులో అది తెల్లబడింది. ఎలా? 2006లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించినదేమంటే, రంగు పుట్టించే ఒక జన్యువులో 14 అక్షరాలు రాలిపోయాయి. జన్యువు అక్షరాల వరుసే కదా. ఆ 14 పోయేసరికి వాక్యం అర్థం చెడింది, పొర ఎర్రబడడం మానేసింది. ప్రపంచంలోని తెల్ల బియ్యంలో అత్యధిక భాగానికి మూలం ఆ ఒక్క లోపమే. వర్ణలోపం వల్ల వర్ణలోపం. వ్యాకరణం తరగతిలో ఇంత మంచి ఉదాహరణ మాకు ఇంతకు ముందెప్పుడూ దొరకలేదు.

ఇక జింకు. పాత తెలుగులో దీన్ని తుత్తునాగం అనేవారు, సంస్కృతంలో యశదం. రైతు నోట మాత్రం జింకే. ఇది మనిషికి చాలా తక్కువ మోతాదులో కావలసిన లోహం, కానీ లేకపోతే జరగదు. మనిషికి జింకు లోపం ఉంటుందని లోకానికి చూపినవాడు మన పొరుగువాడే. హౌరాలో ఢిల్లీ బండి ఎక్కితే పట్నా దాటాక వచ్చే బక్సర్‌లో పుట్టిన ఆనంద ప్రసాద్. పట్నాలో వైద్యం చదివి అమెరికా వెళ్ళాడు, అక్కడి నుంచి 1958లో ఇరాన్‌లోని షిరాజ్ చేరాడు. అక్కడ ఆయన దగ్గరికి వచ్చిన ఒక రోగికి 21 ఏళ్ళు, చూస్తే పదేళ్ళ పిల్లవాడిలా ఉన్నాడు. ఆ ఊళ్ళలో అలాంటివారు మరికొందరున్నారు. వారి తిండి దాదాపు అంతా గోధుమ రొట్టె, మట్టి తినే అలవాటు కూడా ఉంది. తర్వాత ఈజిప్టులో చేసిన పనిలో, 1963 నాటికి, ఇది జింకు లోపమని తేలింది. జింకు ఇచ్చాక వారు ఎదిగారు.

గేటు దగ్గర నిలబడిన తండ్రి విన్న మాటలో నిజం ఉన్నది ఇంతవరకే. జింకు లేక ఎదుగుదల ఆగవచ్చు. కానీ ఎదగని ప్రతి పిల్లవాడికీ కారణం జింకు లోపం కాదు. వంశం, నిద్ర, కడుపులో పురుగులు, రక్తహీనత, థైరాయిడ్, ఇలా ఎన్నో ఉన్నాయి. ఈ మాట చెప్పిన రోజు తరగతిలో అందరూ గోళ్ళు చాపి తెల్ల మచ్చలు లెక్కపెట్టుకున్నారు. ఆ మచ్చలు చాలావరకు గోటికి తగిలిన చిన్న దెబ్బల గుర్తులే. పిల్లవాడిని ముందు రైల్వే డాక్టరుకు చూపించమన్నాం.

బియ్యం సంగతికి ఒక లెక్క చేయించాం. కిలో బియ్యంలో ఎన్ని మిల్లీగ్రాముల జింకు ఉందన్నది కొలత. మామూలు పాలిష్ బియ్యంలో 12 నుంచి 16. రోజుకు 300 గ్రాముల బియ్యం తింటే, 14 లెక్కన, 4.2 మిల్లీగ్రాములు అందుతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం ఎదిగిన మగవాడికి రోజుకు 17 మిల్లీగ్రాములు, స్త్రీకి 13.2 కావాలి. అంటే అన్నం ఒక్కటే తింటే పావు వంతు, మూడో వంతు. మిగతాది పప్పు, గుడ్డు, చేప, మాంసం, వేరుశనగ, నువ్వులు, పాలు వీటి నుంచి రావాలి. బెంగాల్‌లో ఉంటూ చేప తినని మన కుటుంబాలు కొన్ని ఉన్నాయి, వారు పప్పు గిన్నె పెద్దది చేసుకోవాలి.

నల్ల బియ్యంలో జింకు ఎక్కువ ఉండదా? చాలా రకాల్లో కొంత ఎక్కువే ఉంటుంది. కానీ అందులో కొంత ఘనత నలుపుది కాదు, ముడి బియ్యంగా తినడానిది. జింకు పై పొరలోనూ మొలకలోనూ చిక్కగా ఉంటుంది, లోపలి పిండిలోకి కూడా చొచ్చుకుని ఉంటుంది. అందుకే పాలిష్ పడితే రంగు దాదాపు మొత్తం పోతుంది, ఇనుము చాలా భాగం పోతుంది, జింకు మాత్రం ఎక్కువ భాగం నిలుస్తుంది. పైగా అదే పై పొరలో ఫైటేట్ అనే పదార్థం కూడా ఉంది. గింజ తన మొలక కోసం భాస్వరాన్ని దాచుకునే పెట్టె అది. ఆ ఫైటేట్ మన పేగులో జింకును పట్టుకుని వదలదు. షిరాజ్ రొట్టెల్లో జరిగిందీ అదే: గోధుమలో జింకు ఉంది, ఒంటికి పట్టలేదు. కనుక పొట్లం మీద అచ్చేసిన అంకె చూసి కొనడం సగం లెక్కే. నానబెట్టడం, మొలకెత్తించడం, పిండి పులియబెట్టడం ఫైటేట్‌ను కొంత తగ్గిస్తాయి. ముడి బియ్యంతో ఇడ్లీ, దోసె చేసుకునేవారు తెలియకుండానే తెలివైన పని చేస్తున్నారు.

కాబట్టి ఆ తండ్రికి మేము చెప్పిన మొదటి జవాబు: ఇష్టమైతే పండక్కి కొని పాయసం చేసుకోండి, మందని కొనకండి. ఆ డబ్బుతో నెలంతా గుడ్లు వస్తాయి. రంగు బియ్యం మీద మాకు చిన్నచూపేమీ లేదు. బదిలీల పుణ్యమా అని పాలక్కాడ్‌లో ఉన్నప్పుడు ఎర్రని మట్ట బియ్యం తిని బాగానే అరిగించుకున్నాం. ఇక్కడి ఉప్పుడు బియ్యానికీ అలవాటు పడ్డాం. అర్ధరాత్రి గాబరాతో అధిక ధర పెట్టడమే మాకు నచ్చని సంగతి.

రెండో ప్రశ్న, తమ్ముడి అరెకరం, అసలు ఆసక్తికరమైనది. పాతకాలపు రంగు రకాలకు రుచి ఉంది, గిరాకీ ఉంది, దిగుబడి తక్కువ. మన బాపట్ల కేంద్రంవారు నల్ల బియ్యంలో బీపీటీ 2841 రూపొందించడం వెనుక ఉన్నది ఈ కొరతే. రకం ఏదైనా పొలంలో జింకు లేకపోతే గింజలోకి రాదు. మన దేశంలో పరీక్షించిన మట్టి నమూనాల్లో మూడో వంతుకు పైగా జింకు తక్కువైనవే. వరిలో ఈ ఆకలిని మన దేశంలో మొదట గుర్తుపట్టినది 1966లో, పంత్‌నగర్‌లో, వై. ఎల్. నేనే అనే శాస్త్రవేత్త. తరాయి ప్రాంతపు వరి కాచు రంగులోకి మారి ఎండిపోతుంటే రైతులు దాన్ని ఖైరా అనేవారు. తెగులు అనుకున్నారందరూ. నేనే జింకు ఇచ్చి చూశారు, పైరు తేరుకుంది.

మన వైపు రైతులకు ఆ గుర్తులు తెలుసు. ముదురాకుల మీద తుప్పు రంగు, ఇటుక రంగు మచ్చలు. ఆకు పెళుసుబారి, వంచితే చిటుక్కున విరుగుతుంది. మొక్క గిడసబారి దుబ్బు చేయదు. యూరియా వేసినా పచ్చబడదు. యూరియా వేసీ వేసీ విసిగిపోయినప్పుడు జింకు గుర్తుకు రావాలి. వరికి ఈ కష్టం ఎక్కువ రావడానికి నీరే ఒక కారణం. నిలవనీటి కింద మట్టికి గాలి అందదు. అప్పుడు జింకు కరగని రూపాల్లోకి మారి వేరుకు చిక్కదు. సున్నం ఎక్కువ ఉన్న నేలల్లో, చౌడు నేలల్లో ఇంకా ఎక్కువ. భాస్వరం ఎక్కువ వేసే పొలాల్లోనూ అంతే.

మందు తేలికే. మన వ్యవసాయ శాఖ సిఫారసు ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు, ఆఖరి దమ్ములో, మూడు పంటలకు ఒకసారి. పిల్లలు ఇక్కడ ఇంకో లెక్క కట్టారు. ఆ 20 కిలోల్లో నూటికి 21 వంతులు జింకు, అంటే 4.2 కిలోలు. ఎకరానికి 25 క్వింటాళ్ళ వడ్లు పండి, కిలోకు 25 మిల్లీగ్రాముల జింకు ఉంటే, పంట గింజల్లో ఇంటికి వచ్చేది 62.5 గ్రాములు. "మరి మిగతా నాలుగు కిలోలు ఏమయ్యాయి సార్?" అని అడిగాడో పిల్లవాడు. ఈ ప్రశ్న కోసమే రెండు నెలలు చదివినట్టనిపించింది మాకు. చాలా భాగం మట్టి పట్టి ఉంచుతుంది. అందుకే మూడు పంటల దాకా మళ్ళీ అక్కరలేదు. అందుకే గింజలోకి అంత సులువుగా చేరదు కూడా.

జింకు ఎక్కడ వేస్తాం, ఎప్పుడు వేస్తాం అన్నదాన్ని బట్టి రెండు వేరు ఫలితాలు వస్తాయి. లోపమున్న నేలలో దమ్ములో వేస్తే మొక్క దుబ్బు చేస్తుంది, దిగుబడి పెరుగుతుంది, గింజలోని జింకు అంతగా మారదు. కంకి తొడిగాక, గింజ పాలు పోసుకునే వేళ ఆకుల మీద చల్లితే దిగుబడి పెద్దగా మారదు, గింజలో జింకు పెరుగుతుంది. భారత్, చైనా, లావోస్, థాయ్‌లాండ్, టర్కీ దేశాల పొలాల్లో చేసి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మట్టిలో వేసిన జింకు వల్ల ముడి బియ్యంలో జింకు నూటికి రెండు మూడు వంతులే పెరిగింది, ఆకుల మీద చల్లితే సుమారు నాలుగో వంతు. ముందు చల్లినది ఆకుల్లో ఆగిపోతుంది. పూత తర్వాత మొక్క తన సరుకంతా గింజకు తోలుతున్నప్పుడు చల్లితే ఆ బండి ఎక్కుతుంది. కార్‌షెడ్ పిల్లలకు ఈ మాట ఇంకెలా చెప్పినా ఎక్కదు.

రంగు బియ్యం మీద ఈ పని ఎక్కువగా చేసేవారు థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ విశ్వవిద్యాలయం వారు. ఊదా బియ్యం వారి సంప్రదాయపు పంట. నత్రజని సరిగా అందిన మొక్కే జింకును గింజకు బాగా చేరవేస్తుంది. జింకు చల్లితే నలుపు కూడా చిక్కబడుతుందా అన్నది మాత్రం రకాన్ని బట్టి మారుతుంది, ఒక రకంలో వచ్చిన ఫలితం ఇంకోదాంట్లో రాదు. గింజ గట్టిపడే రోజుల్లో రాత్రులు చల్లగా ఉంటే రంగు చిక్కగా వస్తుంది, వేడికి పలచబడుతుంది. అది రైతు చేతిలో లేనిది.

విత్తనంలోనే జింకు పెంచే దారి ఇంకొకటుంది. బంగ్లాదేశ్ 2013లో, ఛత్తీస్‌గఢ్ 2015లో అలాంటి రకాలు విడుదల చేశాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ 2016లో ఇచ్చిన డీఆర్ఆర్ ధాన్ 45లో పాలిష్ పట్టాక కూడా కిలోకు 22.6 మిల్లీగ్రాములు నిలుస్తుంది. పై లెక్కలో పెడితే 300 గ్రాములకు 6.8 మిల్లీగ్రాములు. అది తెల్ల బియ్యమే! రంగునూ జింకునూ ఒకటిగా అనుకునేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. మా మట్టుకు మాకు చౌక డిపో బియ్యం ఇలాంటివి అయితే ఎందరో పిల్లలకు మేలనిపిస్తుంది. నల్ల బియ్యం కొనగలిగిన ఇంట్లో గుడ్డు కూడా ఉంటుంది.

ఇంత తెలిశాక లేఖా రచన పాఠానికి విషయం వెతుక్కోనక్కర లేకపోయింది. ఆగస్టు మొదటి వారంలో పదకొండు మంది కలిసి ఒకే ఉత్తరం రాశారు. "పూజ్యులైన చిన్నాన్న గారికి నమస్కారాలు" అని మొదలు. మట్టి పరీక్ష చేయించండి, లోపముంటే ఆఖరి దమ్ములో అరెకరానికి 10 కిలోల జింకు సల్ఫేటు చల్లండి, దాన్ని డీఏపీతో కలపకండి, కలిపితే రెండూ గడ్డకట్టి మొక్కకు అందవు, మధ్య మూడు రోజుల ఎడం ఉంచండి. "గడ్డకట్టి" అన్న మాట సరికాదని, "కరగని పదార్థంగా మారి" అని దిద్దించాం. దిద్దుబాట్లన్నీ అయ్యేసరికి ఇంకో వారం పోయింది. ఉత్తరం పోస్టులో వెళ్ళింది, వాట్సాప్‌లో పంపి ఉంటే ఆ రోజే చేరేది. చేతిరాత మీద మా మమకారం అలాంటిది.

చిన్నాన్న ఫోను చేశారు. నాట్లు అయిపోయాయి. జింకు ఆయనకు ముందే తెలుసు, వేశారు కూడా, డీఏపీతో కలిపి ఒకే తట్టలో. తరగతి అంతా స్పీకరు చుట్టూ మూగి ఉంది. పిల్లలు మా వైపు చూశారు. ఉత్తరం వారం ముందు వెళ్ళి ఉంటే, అని ఎవరూ అనలేదు గానీ మాకు వినిపించింది.

రెండో ఉత్తరం మేము దిద్దలేదు. అదే రోజు ఫోటో తీసి పంపించాం. తుప్పు మచ్చలు కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు చల్లాలి, అది మన వైపు సిఫారసు. గింజ కోసం ప్రయోగాల్లో వాడినది లీటరుకు 5 గ్రాములు. ఎక్కువైతే ఆకు మాడుతుంది కనుక, ఎంత వాడాలో రైతు సేవా కేంద్రంలో అడిగి, పూత అయ్యాక, సాయంత్రం పూట చల్లండి, అని రాశారు. పురుగుమందుతో కలపవద్దన్నది ఆ పిల్లవాడి సొంత చేర్పు.

అక్టోబరులో పూజా సెలవులకు ఆ కుటుంబం ఊరు వెళ్ళింది. అరెకరం పూత దాటి పాలు పోసుకుంటోందట, కంకులు ఊదా రంగు తిరుగుతున్నాయట. డాక్టరు పిల్లవాడికి పురుగుల మందు, రక్తహీనతకు మాత్రలు ఇచ్చారు, మూడు నెలల తర్వాత మళ్ళీ ఎత్తు కొలుస్తానన్నారు. దసరా మర్నాడు రాత్రి ఎనిమిదికి వాడే ఫోను చేశాడు.

"సార్, రైతు సేవా కేంద్రంలో 2 గ్రాములతోనే మొదలెట్టమన్నారు. చిన్నాన్నా నేనూ కలిసి సాయంత్రం నాలుగున్నరకి మొత్తం చల్లేశాం. ఆరింటికి వాన పడింది. మళ్ళీ చల్లాలా?"

గంటన్నర. ఆకు కొంత పీల్చుకునే ఉంటుంది, కొంత కడుక్కుపోయే ఉంటుంది. నేల ఆరాక ఆకులు చూడమని, పొద్దున్నే కేంద్రానికి వెళ్ళి అడగమని చెప్పాం. అడిగినది వచ్చి తరగతిలో చెప్పాలన్నాం. "రాసుకొస్తాను సార్" అన్నాడు.